రెండో ఫైలు

ఎంట్రీ 1

ఏడవడం నాకు చేతకాదు. తిట్టడం చేతనవును. తిట్లు తినాల్సిన మనిషి ఎదురుగా లేదు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

మూడో లెవెల్లో బొగ్గు అంటుకుంది. ఇది మాకు కొత్త కాదు. పాత గనిలో ఇళ్ళు పెట్టుకుని బతుకుతున్నవాళ్ళం, పైకి పోతే ఎండకు ఒక్క పూట కూడా నిలవలేనివాళ్ళం, గోడలో మిగిలిన బొగ్గు వేడెక్కిందని భయపడి ఎక్కడికి పోతాం? వాసన తగలగానే తడి మట్టి కొడతాం, ఆరిపోతుంది. ఈసారి వాసన తగిలేలోపే పైకప్పు కూలింది. కూలిన రాళ్ళకు ఇవతల మేమందరం ఉన్నాం. అవతల విత్తనాల గది ఉంది. అందులో మా వదినె లస్మవ్వ ఒక్కతే ఉంది.

వదినె అంటే నా మొగుడు ఓదెలుకు అక్క. వయసులో నాకంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఊరందరి విత్తనాలకూ కాపలా ఆమే. మేం ముగ్గురం ఒకే గదిలో ఉంటాం. నాకూ ఆమెకూ క్షణం పడదని గనిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నిన్నటికి నిన్న నా కుండీలో పెట్టుకుంటాను, గుప్పెడు చిక్కుడు గింజలు ఇవ్వమని అడిగాను. "నీ అయ్య జాగీరా? అవి ఊరందరియి," అని డబ్బా మూత నా మొహం మీదే టప్పున వేసింది. రాత్రి అన్నం దగ్గర నేను మాట్లాడలేదు. ఆమె కూడా మాట్లాడకుండా నా పళ్ళెంలో ఇంకో గరిటె పప్పు వేసింది.

పెద్ద సర్వర్ కూడా మూడో లెవెల్లోనే ఉండేది. అది కాలిపోయింది. గోడలకున్న స్క్రీన్లన్నీ నల్లబడ్డాయి. ఆ స్క్రీన్లకు పేజీలు రాయడమే నా పని. నీళ్ళ వంతు ఎవరిది, గాలి తోలే ఫ్యాన్ దగ్గర ఈ షిఫ్టు ఎవరు, పుట్టగొడుగులు ఎప్పుడు పంచుతారు, ఇలాంటివి. ఇప్పుడు నేను రాసినా పంపడానికి పెట్టె లేదు.

విత్తనాల గదిలో కూడా ఒక స్క్రీన్ ఉంది, దాని కింద ఒక కీబోర్డు ఉంది. విత్తనాలను చల్లగా ఉంచే పెట్టెల బ్యాటరీ మీద నడుస్తాయి. ఆ గదికి పోయే కేబుల్ మంటలున్న దారిలో పోదు, పాత నీళ్ళ పైపులోంచి పోతుంది. పైపు బాగానే ఉందని ఓదెలు చూసి వచ్చాడు. అంటే కేబుల్ బతికే ఉండాలి. వదినె కూడా బతికే ఉండాలి.

ఎంట్రీ 2

చెబితే నవ్వుతారు. నేను పేజీలు రాసే ఎడిటర్‌లో ఒక చిన్న సర్వర్ ఉంది. నేర్చుకునేవాళ్ళు తాము రాసింది ఎలా కనిపిస్తుందో చూసుకోవడానికి పెట్టిన బొమ్మ సర్వర్ అది. ఎడిటర్ అడుగున కుడి మూలన 'లైవ్' అని బటన్ ఉంటుంది. నొక్కితే మన ఫోల్డర్‌లో ఉన్న పేజీ తెరుచుకుంటుంది. ఆ ఫోల్డర్‌లో ఏది మార్చి సేవ్ చేసినా తెరిచి ఉన్న పేజీ దానంతటదే మళ్ళీ లోడ్ అవుతుంది. రోజుకు వందసార్లు నొక్కే బటన్ ఇది.

'వదినె' అని కొత్త ఫోల్డర్ పెట్టాను. నేను రాసుకుంటున్న ఈ లాగ్ ఫైలు కూడా అందులోనే పడేశాను, మళ్ళీ వెతుక్కునే పని లేకుండా. పేజీలో ఒకటే వాక్యం రాశాను: వదినె, నేను సుగుణను. బటన్ నొక్కాను. తెరుచుకుంది! ఒక్క గెంతు గెంతి, బయట సొరంగంలో, గ్యాలరీ గోడకున్న స్క్రీన్ దగ్గరికి పరుగెత్తాను. అది అలాగే నల్లగా నా మొహం నాకే చూపిస్తోంది.

తిరిగొచ్చి అడ్రస్ చూసుకున్నాను. 127.0.0.1. ఛీ, నా బతుకు! ఏ మెషిన్‌కైనా ఆ అంకెలకు 'నేనే' అని అర్థం. నా సర్వర్ వండి నాకే వడ్డిస్తోంది. పక్క గదికి కూడా కనిపించదు. సెట్టింగ్స్‌లోకి పోయి ఆ అడ్రస్ తీసేసి అన్నీ సున్నాలు పెట్టాను. సున్నాలు పెడితే ఎవరు వచ్చి అడిగినా ఇమ్మని అర్థం. అయినా రాలేదు. ఎందుకు వస్తుంది? స్క్రీన్లన్నీ కాలిపోయిన పెద్ద సర్వర్ అడ్రస్‌కు పోయి తలుపు కొడుతున్నాయి. నేను ఇంకో ఇంట్లో దీపం పెట్టుకుని కూర్చున్నాను.

అందుకని నా మెషిన్‌కు ఆ పెద్ద సర్వర్ అడ్రస్సే పెట్టాను. చచ్చినదాని పేరు పెట్టుకున్నట్టయింది. పోర్ట్ కూడా, అంటే తలుపు నంబరు, మార్చాను. బొమ్మ సర్వర్ 5500 దగ్గర కూర్చుంటుంది, స్క్రీన్లు 80 దగ్గరికి వస్తాయి. తర్వాత కేబుళ్ళన్నీ కలిసే పెట్టెలోంచి విత్తనాల గదికి పోయే కేబుల్ ఒక్కటే పీకి నా మెషిన్‌కు గుచ్చాను.

సర్వర్‌ను ఎవరు ఏది అడిగినా ఎడిటర్ కింది భాగంలో ఒక లైను పడుతుంది. అడిగింది ఉంటే చివర 200 అని తెల్లగా వస్తుంది, అంతా బాగుంది అన్నమాట. లేకపోతే 404 అని ఎర్రగా వస్తుంది, అలాంటిది దొరకలేదు అని. గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాను.

ఒక తెల్ల లైను పడింది. విత్తనాల గది స్క్రీన్ వచ్చి తలుపు కొట్టింది. కానీ అది స్క్రీన్ తనంతట తాను చేసే పని, మనిషి ఉన్నట్టు కాదు. అప్పుడు చూసుకున్నాను, తొందరలో మొదటి పేజీకి సర్వర్ వెతుక్కునే పేరు పెట్టడం మరిచిపోయాను. అలా మరిచిపోతే పేజీకి బదులు ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్ళ పేర్లు వరసగా కనిపిస్తాయి. ఇన్నేళ్ళు ఈ పని చేసి మొదటి రోజు పిల్లలు చేసే తప్పు చేశాను.

నన్ను నేను తిట్టుకుంటూ ఉండగానే ఇంకో లైను పడింది. ఎవరో పేజీ పేరు మీద నొక్కి తెరిచారు. స్క్రీన్ దానంతటదే అలా నొక్కదు. దానికి వేలు కావాలి.

వదినె బతికే ఉంది.

ఎంట్రీ 3

ఆమెకు నేను చెప్పగలను, సేవ్ చేస్తే చాలు. ఆమె నాకు చెప్పే దారే లేదు. పేజీలో రాయడానికి డబ్బా ఒకటి పెట్టొచ్చు, కానీ ఆమె రాసింది అందుకునే తెలివి బొమ్మ సర్వర్‌కు లేదు. అది ఇవ్వడమే తప్ప పుచ్చుకోవడం తెలియనిది.

తల బాదుకుంటుంటే తట్టింది. లేని పేజీ అడిగితే, ఏ పేజీ అడిగారో ఎర్ర లైనులో వస్తుంది కదా! పేజీలో ఇలా రాశాను: వదినె, స్క్రీన్ పైన అడ్రస్ ఉంటది సూడు. దాని పక్కన గీత పెట్టి నువ్వు చెప్పేది కొట్టు. అట్లాంటి పేజీ నా దగ్గర లేదని మెషిన్ మొత్తుకుంటది. ఆ మొత్తుకునుడు నాకు కనవడతది.

చాలాసేపు ఏమీ రాలేదు. వదినెకు అక్షరాలు వెతుక్కుని కొట్టడం అలవాటు. ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడుతుంది, నేను తెలుగులో దింపుతున్నాను.

/ఏందే-గింత-సేపు : 404

ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఏడవడం రాదని రాశాను కదా, అబద్ధం.

తర్వాత ఒక్కొక్కటే వచ్చాయి. దెబ్బలేమీ తగల్లేదట. తలుపు సందులోంచి పొగ వస్తోందట, గోనె సంచులు తడిపి పెట్టిందట. తాగడానికి నీళ్ళున్నాయి. గింజల డబ్బాలన్నీ చల్లగానే ఉన్నాయట. ఎవరడిగారు గింజల సంగతి?

/ఓదెలు-తిన్నడా : 404

తిన్నాడని రాశాను. తినలేదు.

ఎంట్రీ 4

ఓదెలు కూలిన చోటి నుంచి వచ్చాడు. చేతి గోళ్ళ నిండా రక్తం. వదినె పంపిన లైన్లు చూపిస్తే స్క్రీన్ మీద చెయ్యి పెట్టి అలాగే నిలబడ్డాడు.

"ఎంతసేపు పడతది?" అన్నాను.

"ఒక రాయి తీస్తె రెండు పడుతున్నయ్. వచ్చే షిఫ్టు దాకనన్న పడతది. అది గూడ కప్పు మళ్ళ కూలకపోతె."

"పట్టనియ్. పొగ తక్కువైంది గదా?"

ఓదెలు తల తిప్పుకుని చేతులు తుడుచుకున్నాడు. అబద్ధం ఆడటం రానివాడితో సంసారం చేయడం కష్టం.

పొగ తగ్గలేదు. మూడో లెవెల్ నుంచి రెండో లెవెల్‌కు ఎక్కింది. పిల్లలు పడుకునే గ్యాలరీలో దగ్గులు మొదలయ్యాయి. పొగ కంటే ముందు వచ్చే విషగాలి ఇంకోటి ఉంది, దానికి వాసన ఉండదు, పీలిస్తే నిద్ర పట్టినట్టు ఉంటుంది. అక్కడే ఉన్న కొమురమ్మ పసిబిడ్డ పొద్దుటి నుంచి పాలు తాగడం లేదు. లేపితే కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఈ ఊళ్ళో ఆరువందల మందిమి ఒకే గాలి పీలుస్తాం. ఇంకో ఊరు లేదు, ఇంకో గాలి లేదు.

వదినెకు మాత్రం ఇలా రాశాను: ఇక్కడ అంతా మంచిగున్నది. పొగ తగ్గింది. తవ్వుడు జోరుగ నడుస్తున్నది. పిలగాండ్లు ఆడుకుంటున్నరు.

/మంచిది : 404

అంతే. ఇంకేమీ అనలేదు. ఆమె అలా ఒక్క మాటతో ఊరుకోవడం నేనెప్పుడూ చూడలేదు, అలసిపోయి ఉంటుంది.

ఎంట్రీ 5

గోడ కట్టాలన్నారు.

నిప్పు ఆగకపోతే గ్యాలరీకి అడ్డంగా ఇటుక గోడ కట్టి, అటువైపు గాలి పూర్తిగా బంద్ చేస్తారు. గాలి లేకపోతే నిప్పు చస్తుంది. నిప్పుతో పాటు అటువైపు ఉన్నదంతా చస్తుంది. ఒకసారి గోడ మూశాక లోపలంతా చల్లారేదాకా, నెలలు పట్టినా సరే, తెరవకూడదు, లోపల పోగైన గ్యాసుకు కొత్త గాలి తగిలితే గని గనే పేలుతుంది.

సంఘం పెద్ద మొగిలయ్య చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు తిట్టడానికి ఎంత బాగుండేది! ఆయన మనవడు కూడా ఆ దగ్గుతున్న పిల్లల్లోనే ఉన్నాడు.

మాకో కట్టుబాటు ఉంది. గోడలో ఆఖరి ఇటుక పెట్టేముందు లోపల చిక్కిన మనిషి ఇంటివాళ్ళు గోడ దగ్గర నిలబడాలి. అందరూ తలల మీది లైట్లు ఆర్పేసి, ఊపిరి బిగబట్టాలి. ఇంటివాళ్ళు రైలు పట్టా మీద ఇనుప కడ్డీతో కొట్టి, పేరు పెట్టి మూడుసార్లు పిలవాలి. దీన్ని పిలుపు అంటాం. లోపలి నుంచి చిన్న చప్పుడు వచ్చినా సరే, పలికినట్టే లెక్క. పలికిన మనిషి మీద ఇటుక పెట్టరు. ఏమైనా కానీ, తవ్వాల్సిందే. పలకకపోతే ఆ ఆఖరి ఇటుక ఇంటివాళ్ళ చేత్తోనే పెట్టిస్తారు.

కానీ పట్టా రాళ్ళ కింద ముక్కలైంది. మేం కొట్టేది ఆమెకు వినబడదు, ఆమె కొట్టేది మాకు వినబడదు. నేను మెషిన్ చంకలో పెట్టుకుని మొగిలయ్య దగ్గరికి పోయాను.

"మొగిలన్నా, మా వదినె పలుకుతాంది. గిదుగో సూడు."

ఆయన లైన్లన్నీ చదివాడు. "బిడ్డా, గిది మెషిన్ మాట. పిలుపుకు మనిషి పలకాలె."

"మెషిన్‌కు నోరెక్కడిదన్నా? మనిషి వేలుతోటి కొడితేనే గీ ఎర్ర లైను వస్తది. పట్టా మీద రాయితోటి కొడితే పలుకన్నరు మన పెద్దోళ్ళు. కీబోర్డు మీద కొడితే పలుకు గాదా? రెండూ కొట్టుడే గదా?"

అక్కడున్నవాళ్ళలో ఒకరిద్దరు గొణిగారు. "గట్లయితే ఇగ గోడ ఎప్పుడు కట్టుడు? పోరగాళ్ళు సచ్చినంక కట్టుడా?" అని ఎవరో అననే అన్నారు. మొగిలయ్య చెయ్యెత్తాడు. ఆయన కళ్ళు కూడా పొగకు ఎర్రగా ఉన్నాయి.

"సరే బిడ్డా. మెషిన్ గోడ కాడికి తీసుకరా. మూడు పిలుపుల్ల ఒక్క ఎర్ర లైను వచ్చినా నేను మూయనియ్య. నా మనుమడు సుత ఆ పొగల్నే ఉన్నడు. అయినా మూయనియ్య."

ఆయన కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగాడు.

ఎంట్రీ 6

గోడ లేస్తోంది. నా మెషిన్ అక్కడిదాకా చేరేలా ఓదెలు కేబుల్‌కు ఇంకో పొడుగు ముక్క అతికాడు. ఒక్క ఇటుకంత సందు ఉంచి పిలుపు మొదలుపెడతారు.

వదినెకు పేజీలో అంతా రాశాను. గోడ గురించి దాచడానికి వీల్లేదు, కాబట్టి ఊరికే ముందుజాగ్రత్తకు కడుతున్నారని రాశాను. మేం మూడుసార్లు పిలుస్తం, పిలిచినప్పుడల్ల పేజీల లస్మవ్వ అని నీ పేరు పడతది, పడంగనె ఏదో ఒకటి కొట్టు, నన్ను తిట్టినా సరే, ఒక్క అక్షరం కొట్టినా సరే. నువ్వు పలికితె తవ్వుడు ఆపరు. ఇక్కడ ఎవ్వలకు ఏం కాలే, నీకేం ఫికర్ వద్దు.

/సరే : 404

ఇందులో మాత్రం నిజం రాస్తాను. ఎక్కడో ఒకచోట రాయకపోతే నా తల పగిలిపోయేలా ఉంది. కొమురమ్మ బిడ్డ ఇప్పుడు కళ్ళు కూడా తెరవడం లేదు. మొగిలయ్య మనవడికి వాంతులు మొదలయ్యాయి. వదినె పలికితే గోడ ఆగుతుంది, వచ్చే షిఫ్టు దాకా ఆ పొగ అంతా ఈ పిల్లలే పీల్చాలి. ఆ బిడ్డ అంతదాకా ఉండదని డాక్టరమ్మ మొగిలయ్యతో అంటుంటే నేను విన్నాను. విననట్టు వచ్చేశాను. ఓదెలు అన్నాడు, "అక్క పలికితె మంచిగుండు, పలకకపోతె మంచిగుండు, రెండూ అనిపిస్తున్నయ్ నాకు. నేను మనిషినేనా సుగుణా?" అని. నోరు మూసుకోమన్నాను.

అయినా వదినె పలకాలి. నాకు వేరే ఏమీ అక్కర్లేదు. నా పళ్ళెంలో పప్పు వేసిన చెయ్యి అది. ఎవరి బిడ్డ ఏమైనా సరే, ఆమె పలకాలి. ఇది రాసినందుకు నన్ను ఏ దేవుడు ఏం చేసినా పడతాను.

సేవ్ చేసి గోడ దగ్గరికి పోతున్నాను.

ఎంట్రీ 7

పలకలేదు.

లైట్లు ఆర్పారు. నా మెషిన్ వెలుగు ఒక్కటే గోడ మీద పడుతోంది. ఓదెలు కడ్డీతో పట్టా మీద కొట్టి "అక్కా! లస్మక్కా!" అని పిలిచాడు. నేను పేజీలో పేరు రాసి సేవ్ చేశాను. తెల్ల లైను పడింది, స్క్రీన్ పేజీ తీసుకుంది, 200. ఎర్ర లైను కోసం వందమంది నా భుజాల మీది నుంచి వంగి చూస్తున్నారు. ఎవరో దగ్గు ఆపుకోలేక మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నారు.

రెండోసారి పిలిచాడు. గొంతు చీరుకుపోయింది. సేవ్ చేశాను. 200.

మూడోసారి కడ్డీ నేను లాక్కున్నాను. "వదినే! ఓ వదినే! నోరు పడిపోయిందా? నన్ను తిట్టరాదె!" అని అరిచాను. రాళ్ళకు అవతల ఆమెకు వినబడదని తెలిసే అరిచాను. సేవ్ చేశాను, సేవ్ చేశాను, సేవ్ చేశాను. 200, 200, 200. అంతా బాగుంది, అంతా బాగుంది.

మొగిలయ్య అందరికంటే ఎక్కువసేపు ఆగాడు. ఆయన ఆగినంతసేపు నేను కళ్ళు ఆర్పలేదు. చివరికి నా తల మీద చెయ్యి పెట్టి, "బిడ్డా, పోయింది," అన్నాడు.

ఆఖరి ఇటుక ఓదెలు పెట్టాడు. నాలుగు అంచులా సున్నం అద్ది పెట్టాడు. అటువైపు ఫ్యాన్ ఆపేశారు.

ఎంట్రీ 8

ఎలా రాయాలో తెలియడం లేదు. రాస్తాను.

కేబుల్ పీకకుండానే గదికి వచ్చి మెషిన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. సర్వర్ ఆపాలంటే అదే బటన్ మళ్ళీ నొక్కాలి. వేలు దాని మీద పెట్టాను. అప్పుడు పడింది ఎర్ర లైను.

/గోడ-అయిందా : 404

కేక వేశానో లేదో నాకు గుర్తులేదు. ఓదెలు పరుగెత్తుకొచ్చాడు. ఆయన గోడ వైపు దూకబోయి గుమ్మంలోనే ఆగిపోయాడు, అక్కడే కూలబడ్డాడు. ఇప్పుడు గోడ తీస్తే ఏమవుతుందో ఆయనకు తెలుసు, నాకూ తెలుసు. వదినెకు ఇంకా బాగా తెలుసు.

అయింది అని రాశాను.

/కొమురమ్మ-బిడ్డ-పాలు-తాగిందా : 404

ఆ లైను మళ్ళీ చదివాను. కొమురమ్మ బిడ్డ సంగతి నేను ఆమెకు చెప్పలేదు. పిల్లలు ఆడుకుంటున్నారని చెప్పాను.

పాత లైన్లు పైకి జరుపుతూ పోయాను. ఇంతసేపూ ఎర్ర లైన్లే చూశాను. తెల్లవి చూడలేదు, అంతా బాగుందంటే ఎవరు చూస్తారు? ఆ తెల్ల వాటిలో ఉంది. లాగ్ ఫైలు, 200. మళ్ళీ లాగ్ ఫైలు, 200. మళ్ళీ. నేను ఇక్కడ ఒక్కో ఎంట్రీ రాసి సేవ్ చేసిన ప్రతిసారీ, కాసేపటికి ఎవరో వచ్చి ఈ ఫైలు అడిగి తీసుకుపోయారు. ఇది మామూలు రాత ఫైలు, పేజీలా దానంతటదే లోడ్ కాదు. ప్రతిసారీ వేలుతో నొక్కాలి.

ఎప్పటి నుంచి అని రాశాను. కొట్టడానికి ఆమెకు చాలాసేపు పట్టింది, ముక్కలు ముక్కలుగా వచ్చింది. నేను కలిపి రాస్తున్నాను.

మొదటి నుంచే. మొదట స్క్రీన్ మీద రెండు పేర్లు కనబడ్డాయట, ముందు ఒకటి నొక్కిందట. తర్వాత పేజీలో మాటలు మారకుండానే స్క్రీన్ మాటిమాటికీ మెరుస్తుంటే, ఏందబ్బా అని వెనక్కిపోయి రెండోది నొక్కిందట. అప్పటి నుంచి స్క్రీన్ మెరిసినప్పుడల్లా పోయి అదే చదివి, మళ్ళీ పేజీకి వచ్చి నేను చెప్పే అబద్ధాల ముందు కూర్చుందట.

/నీకు-అబద్ధం-రాయరాదు-పిల్లా : 404

ఎందుకు పలకలేదు అని అడగాలనుకున్నాను. అడగలేదు. ఎందుకో ఆరో ఎంట్రీలో నేనే రాసిచ్చాను. ఆ బిడ్డ పెదాలు, ఆ వాంతులు, డాక్టరమ్మ మాట, అన్నీ నా చేతులతో రాసి, నా చేతులతో సేవ్ చేసి ఆమెకు వడ్డించాను. ఆ ఫైలు ఇంకెక్కడ పెట్టినా ఆమె పలికేది. ఈ పాటికి తిడుతూ ఉండేది.

ఓదెలు నా చేతిలోంచి మెషిన్ తీసుకున్నాడు. ఆయనకు రాయడం సరిగా రాదు. ఒక్క వేలుతో పేజీలో కొట్టాడు: అక్క ఇటుక నేనే పెట్టిన.

/సదివిన-బిడ్డా-మంచిగ-పెట్టినవ-సందు-లేకుంట : 404

ఆయన మంచానికి నుదురు ఆనించి ఏడ్చాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి, ఇంకో చేత్తో లైన్లు చూస్తూ కూర్చున్నాను.

ఎంట్రీ 9

/పేజీ-వద్దు-రెండో-దాంట్ల-రాయి-ఊకె-కూసుంటె-పొగనే-యాదికొస్తది : 404

సరే వదినె. ఇక నుంచి ఇది నీకే రాస్తున్నాను. ఇంతకు ముందు కూడా నీకే రాశానని ఇప్పుడు తెలిసింది కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు. నీ నోరు పెద్దదని మొదట్లోనే రాశాను, చదివే ఉంటావు. వెనక్కి తీసుకోను.

పప్పు సంగతి కూడా చదివే ఉంటావు. అది వెనక్కి తీసుకుంటాను అనుకున్నాను గానీ తీసుకోను.

లాగ్ ఫైలు, 200. చదివావు.

నీ మంచం ఓదెలు తీయనివ్వడం లేదు. నీ దుప్పటి మాత్రం నేను కప్పుకున్నాను, నీకు నచ్చదని తెలుసు. నాకు చలేస్తోంది. మొగిలయ్య వచ్చి గుమ్మంలో నిలబడి వెళ్ళాడు. నువ్వు గోడ అయ్యాక పలికావని ఆయనకు చెప్పాను. ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, ఆ ఎర్ర లైన్లన్నీ మొదటి నుంచి చివరి దాకా చదివాడు. కట్టుబాటులో దీనికి ఏమంటారో ఆయనకూ తెలియదట.

లాగ్ ఫైలు, 200.

/గింజలు-చల్లగున్నయ్-గోడ-సల్లారినంక-తీసుకపోండ్రి-ఎర్ర-డబ్బా-నీది : 404

ఎర్ర డబ్బాలో ఏముంది వదినె?

/సూడు-అప్పుడు : 404

ఇప్పుడు కూడా చెప్పవు. ఒళ్ళు మండుతోంది నాకు. ఇంతసేపు పడుతోంది ఏంటి నీకు కొట్టడానికి? నిద్ర వస్తోందా? పడుకోకు. నిద్ర రానివ్వకు. నేను రాస్తూనే ఉంటాను, నువ్వు నొక్కుతూనే ఉండు. నీకు ఊళ్ళో సంగతులు చెబుతాను. పుట్టగొడుగుల గదిలో ఈసారి సగం కుళ్ళిపోయాయి, నీళ్ళు ఎక్కువ పోశారని నువ్వు అన్నదే నిజమైంది. ఫ్యాన్ దగ్గర పనిచేసే ఐలయ్య నీ గురించి ఏడ్చాడు. నిజంగానే ఏడ్చాడు, నేను చూశాను. నువ్వుంటే నాలుగు రోజులు ఆ మాట పట్టుకుని వాణ్ణి ఆటపట్టించేదానివి.

లాగ్ ఫైలు, 200.

నవ్వావా?

ఎంట్రీ 10

వదినె! కొమురమ్మ వచ్చింది. బిడ్డను ఎత్తుకుని మన గదికే వచ్చింది. గోడ మూసినప్పటి నుంచి గాలి తేటపడింది, దగ్గులు తగ్గాయి. బిడ్డ కళ్ళు తెరిచి చూస్తోంది. ఇక్కడే, నా పక్కనే, నీ మంచం మీద కూర్చుని కొమురమ్మ పాలు ఇచ్చింది. తాగింది వదినె. మొదట మొహం తిప్పుకుంది, తర్వాత పట్టుకుని గటగటా తాగింది. ఓదెలు గోడవైపు తిరిగి నిలబడ్డాడు. నువ్వు అడిగావు కదా, తాగిందా అని. తాగింది. ఇది అబద్ధం కాదు, పేజీలో రాయడం లేదు, రెండో ఫైలులో రాస్తున్నాను.

సేవ్ చేశాను.

పేజీ కోసం తెల్ల లైను పడింది, 200. అది స్క్రీన్ దానంతటదే చేసింది. లాగ్ ఫైలు ఎవరూ అడగలేదు.

మళ్ళీ సేవ్ చేశాను. స్క్రీన్ మెరిసి ఉంటుంది అక్కడ. మెరిస్తే వెనక్కి పోయి రెండోది నొక్కాలి. నీకు తెలుసు కదా.

మళ్ళీ సేవ్ చేశాను. 200.

బిడ్డ పాలు తాగింది వదినె. ఒక్కసారి వచ్చి ఈ ఒక్క వాక్యం చదువుకుని పో. తర్వాత నీ ఇష్టం.

ఎర్ర డబ్బాలో ఉన్నవి చిక్కుడు గింజలైతే మాత్రం నేను ఊరుకోను. అడిగినప్పుడు ఇవ్వకుండా మొహం మీద మూత వేసి, ఇప్పుడిస్తావా? ఈ తగువు ఇంకా తేలలేదు. సేవ్ చేస్తున్నాను, చదువు.